ఏడాది ఖాళీకి వివరణ

ఆదివారం పొద్దున తిమ్మప్ప వచ్చేసరికి నేను పదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుతున్నాను. ఆయనది కురబలకోట దగ్గర పల్లె, గొర్రెల మంద ఉంది. కూతురు చంద్రిక మదనపల్లెలో నా భార్య అంబిక ప్రధానోపాధ్యాయురాలిగా ఉన్న చిన్న ప్రైవేటు బడిలో చదువుకుంది. నేను ఇక్కడ పుంగనూరు హైస్కూల్లో లెక్కలు చెబుతాను.

తిమ్మప్ప ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీశాడు.

"మా పాప ఐర్లాండుకు సదువుకు పోవల్లని వీసాకు పెట్టుకుంటాండాది సార్. మదనపల్లెలో వీసా పనులు సూసే ఆఫీసులో ఈ కాయితం ఇచ్చినారు. సంతకం, సీలు వేయించుకోని రమ్మన్నారు."

"ఎవరి సంతకం?"

"నాకేం తెలుసు సార్, అంతా ఇంగ్లీసు. పైన టీచరమ్మ బడి బొమ్మ సూసి గుర్తుపట్టినాను. అందుకే మీ దగ్గరికి వచ్చినాను."

చదివాను. గత ఏడాది జూన్ నుంచి ఈ ఏడాది ఏప్రిల్ వరకు చంద్రిక ఆ బడిలో సైన్సు టీచరుగా పనిచేసిందని, నడవడిక బాగుందని ఉంది. తేదీ మే ఆరు. సంతకం చేయాల్సిన చోట కింద పేరు అచ్చువేసి ఉంది: అంబిక, ప్రధానోపాధ్యాయురాలు.

అంబిక ఫిబ్రవరి ఇరవై రెండున పోయింది.

రెండోసారి చదివాను. ఆ కాగితం ప్రకారం పోయిన ఏడాది ఎవరికీ జబ్బు చేయలేదు. బడి జరిగింది, సైన్సు పాఠాలు జరిగాయి, మే నెలలో అంబిక తన గదిలో కూర్చుని ఉంది. దాన్ని వెంటనే తిరిగి ఇవ్వాలనిపించలేదు.

"అంత దూరం యాల అంటాండాది సార్ పాప వాళ్లమ్మ," అన్నాడు తిమ్మప్ప. "ఆడ కూడా యాడ సూసినా గొర్రెలేనంట. గొర్రెల కోసమైతే ఇమానం ఎక్కాల్నా, మన మంద ఈడనే ఉండాది గదా అంటాది."

"చంద్రిక ఈ కాగితం చూసిందా?"

"లేదు సార్. ఆఫీసోడు నా చేతికే ఇచ్చినాడు."

"రేపు సాయంత్రం నేను మదనపల్లె వస్తాను. అమ్మాయిని ఆ ఆఫీసుకు రమ్మను."

ఆఫీసు బస్టాండుకు దగ్గర్లో, మేడ మీద. గోడ నిండా జెండాలు. చేతన్ అనే కుర్రవాడు ఫైళ్లు చూస్తాడు. చంద్రిక కాగితం చదివి అతని బల్ల మీద పెట్టింది.

"ఇదేంది? పోయిన మనిషి పేరు అచ్చుకొట్టి, ఆమె సంతకానికి మా నాయన్ను సార్ ఇంటికి పంపిస్తారా?"

చేతన్ కంగారుపడ్డాడు. "సారీ మేడం. బడి వెబ్‌సైట్లో ఆ పేరే ఉండాది. ఇప్పుడుండే హెడ్‌మాస్టర్ పేరు వేసిస్తా, రెండు నిమిషాలు."

"పేరు మారిస్తే తను ఉద్యోగం చేసినట్టవుతుందా?" అన్నాను.

"మరేం రాయమంటారు సార్? డిగ్రీ అయినాక ఏడాది ఖాళీ ఉండాది. వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. వివరణ లేకుంటే వీసా రాదు. ఏం చేసినావమ్మా అంటే ఇంట్లో ఉన్నా అంటుంది."

చంద్రిక నా వైపు చూడలేదు.

"ఇంట్లో లేదు," అన్నాను. "జూలై నుంచి ఫిబ్రవరి దాకా ఒక పేషెంటుకు తోడుగా ఆసుపత్రికి తిరిగింది."

"పేషెంటు ఈమెకు ఏమవుతారు?"

"ఏమీ కారు. చదువు చెప్పిన టీచరు."

చేతన్ నవ్వాడు. "సార్, చుట్టరికం లేని మనిషికి ఎనిమిది నెలలు ఎవరైనా తిరుగుతారా? నేనే నమ్మను. ఆఫీసర్ ఏమంటాడు? ఆమె మొగుడు యాడ పోయినాడు అంటాడు."

అన్నాక అతనికి అర్థమైంది. బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు.

మెట్లు దిగుతుంటే చంద్రిక అంది, "ఆసుపత్రి కాయితాలు కావల్లని మిమ్మల్ని అడగలేకపోయినాను సార్. అందుకే ఇంట్లో ఉన్నానని చెప్పేసినాను."

"నేనిస్తాను. గురువారం బడికి రా."

అంబిక వైద్యం బెంగళూరులో జరిగింది. బస్సు కుదుపులకు తట్టుకోలేకపోయేది. అందుకని కుప్పంలో తన చెల్లెలు శోభ ఇంట్లో ఉండి రైల్లో వెళ్లివచ్చేది. శోభకు అంగన్‌వాడీ పని, తోడు వెళ్లడానికి వీలయ్యేది కాదు. పిలవకుండానే వచ్చిన మనిషి చంద్రిక. నేను శనివారం బడి అయ్యాక కుప్పం వెళ్లి, ఆదివారం ఉండేవాణ్ణి.

ఆసుపత్రి సంచి నాలుగు నెలలుగా బీరువాలో ఉంది. తీశాను. చీటీలు, స్కానింగ్ కవర్లు, ఒక దువ్వెన, రైల్వే సీజన్ టికెట్లు. అడుగున తాడుతో ఒక అటెండెంట్ పాస్. చంద్రిక ఫోటో అంటించి ఉంది. పేషెంటుతో సంబంధం అన్న గడిలో అంబిక చేతిరాత: కూతురు.

మాకు పిల్లలు లేరు.

వార్డులోకి ఇంటివాళ్లను తప్ప రానిచ్చేవారు కాదు. అందుకే రాసి ఉంటుంది. మిగతా గడులన్నీ, కింద సంతకంతో సహా, తొందరగా నింపింది. ఆ ఒక్క మాట బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా ఉంది.

ఆ పాస్ జతచేస్తే అబద్ధమంటారు. చేయకపోతే ఆధారం లేదు. వీసా ఆఫీసరుకు ఇవ్వాల్సిన ఉత్తరం మొదట తెలుగులో రాసుకున్నాను.

"నా భార్య అంబిక అనారోగ్యంతో ఉన్న ఎనిమిది నెలలు చంద్రిక ఆమె వెంట ఉంది. కుప్పం నుంచి బెంగళూరుకు తీసుకువెళ్లి, తీసుకువచ్చింది. ఇందుకు ఏ ప్రతిఫలమూ తీసుకోలేదు. ఆ కాలంలో నేను ఉద్యోగానికి సెలవు పెట్టలేదు. నేను చేయవలసిన పని ఈమె చేసింది. జతచేసిన పాస్‌లో నా భార్య ఈమెను కూతురు అని రాసింది. ఈమె మాకు రక్తసంబంధీకురాలు కాదు. నా భార్య అది తెలిసే రాసింది. నా భార్య ఫిబ్రవరి 22న మరణించింది."

చివరి వాక్యం ముందు చాలాసేపు ఆగాను. అంతవరకు ఆ మాట ఎక్కడా రాయలేదు. ఆమె పోయాక ఫారాలన్నీ శోభ నింపింది.

గురువారం మధ్యాహ్నం చంద్రిక వరండాలో నిలబడి చదివింది. ఒకచోట వేలు పెట్టింది.

"ఈ సెలవు సంగతి తీసేయండి సార్. టీచరమ్మే కదా వద్దనింది. పిలకాయల పరీక్షలు చెడతాయి, మీరు రావద్దు అని నా ముందరే చెప్పింది."

"చెప్పింది."

"అట్లయితే అదే రాయండి."

"అది రాస్తే తప్పు ఆమె మీదికి పోతుందమ్మా. సెలవు పెట్టనిది నేను."

"వాళ్లకు ఇదంతా యాల సార్?"

"ఆమె మొగుడు యాడ పోయినాడు అని అడుగుతారు కదా. జవాబు లేకుంటే నిన్ను నమ్మరు."

ఇంకోసారి పాస్ వైపు చూసి, కాగితాలు ఫైల్లో పెట్టుకుంది. బెంగళూరు వీసా కేంద్రంలో ఇవ్వాల్సింది వచ్చే బుధవారం అని చెప్పింది.

ఆ సాయంత్రం సెలవు చీటీ రాసి ఇచ్చాను. హెడ్‌మాస్టర్ ఉమాశంకర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"మీరేనా సార్? సంతకం ఫోర్జరీ కాదు కదా?"

"కాదు సార్."

"రెండు రోజులు తీసుకోండి. పిల్లోళ్లు పండగ చేసుకుంటారు."

మదనపల్లె నుంచి బెంగళూరుకు నేరుగా బస్సులున్నాయి. కుప్పం మీదుగా రైల్లో పోదామన్నాను. చంద్రిక ఎందుకని అడగలేదు. మంగళవారం శోభ ఇంట్లో ఉండి, మర్నాడు పొద్దున రైలెక్కాము. చంద్రిక రైలు పెట్టెలు లెక్కపెట్టుకుంటూ నడిచి ఒకదాంట్లోకి ఎక్కింది. కిటికీ పక్క సీటు చూపించింది.

"ఈడ కూర్చోండి సార్. పొయ్యేటప్పుడు ఈ పక్క ఎండ పడదు."

కూర్చున్నాను. బంగారపేట వచ్చేసరికి తను ఫోనులో టైము చూసి, మళ్లీ లోపల పెట్టుకుంది.

"ఏమ్మా?"

"ఏం లేదు సార్. ఈడికి వచ్చినాకే టీచరమ్మ మీకు ఫోన్ చేస్తా ఉండె."

రోజూ బడికి బయలుదేరే ముందు ఆ ఫోన్ వచ్చేది. ఎక్కడున్నారు అనేవాణ్ణి. బంగారపేట అనేది. టిఫిను తిన్నావా అంటే తిన్నాననేది. గంట కొట్టే వేళవుతోందని పెట్టేసేవాణ్ణి.

"తినేదా?" అన్నాను.

"లేదు సార్," అంది.

వీసా కేంద్రం గేటు దగ్గర కాపలా మనిషి ఆపాడు. దరఖాస్తుదారులకే లోపలికి ప్రవేశం. "మీరు ఈ అమ్మాయికి ఏమవుతారు సార్?" అన్నాడు.

చంద్రిక ఫైలు పట్టుకుని నా వైపు తిరిగింది.

"తోడు వచ్చాను," అన్నాను.

బయట ఇనుప కుర్చీ చూపించాడు. తను లోపల ఉన్నంతసేపూ అక్కడే కూర్చున్నాను. బడిలో అది నా మూడో పీరియడు.

ఏడు వారాల తర్వాత, ఇంటర్వల్‌లో తిమ్మప్ప ఫోన్ చేశాడు. వెనక గొర్రెల అరుపులు.

"సార్, వీసా వచ్చిందంట. పాప ఏడుస్తాండాది, మాట్లాడలేకుండాది. కాయితం నమ్మినారంట సార్!"

"మంచిది తిమ్మప్పా."

"టీచరమ్మ సంతకం లేకపోయినా ఇచ్చినారే."

"ఉంది," అన్నాను. "పాస్ మీద."