ఆరు బోల్టులు

సాయంత్రం నాలుగింటిలోపు తనిఖీలో నెగ్గకపోతే ఆ కారు ఇక రోడ్డెక్కడానికి వీల్లేదు. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారి కూడా తప్పిన పాతబండికి కాగితాలు రద్దుచేసి తుక్కు కింద రాసేస్తారు. గడియారాలు బాగుచేసే మన మనిషికి ఈ సంగతి నెల రోజులుగా తెలుసు. తెలిసి కూడా, పొద్దున చొక్కా తొడుక్కుంటూ, పోతే పోనీ, పీడ విరగడవుతుంది అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు గానీ, ఎక్కువసేపు సిగ్గుపడే ఓపిక కూడా లేకపోయింది.

ఆ కారు అలాంటిలాంటిది కాదు. ఒకప్పుడు ఎర్రటి స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, నేలకు జానెడెత్తు. అందులోకి ఎక్కడమంటూ ఉండదు, పడిపోవడమే. దిగాలంటే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. పంతొమ్మిదేళ్ల కిందట అతనూ, అతని అక్క మొగుడూ దాన్ని ఒక తుక్కు కొట్టు వెనక చూసి మనసు పారేసుకున్నారు. బావది కుళాయిలూ పైపులూ బిగించే పని. ఇద్దరి సంపాదనా కలిపినా కొత్త స్పోర్ట్స్ కారు తలుపు కూడా రాదు. అందుకని ఆ పాతదాన్నే బావ ఇంటికి ఈడ్చుకొచ్చి, ఏరుకొచ్చిన సామాన్లతో బతికిస్తూ వచ్చారు. అక్క దానికి సవతి అని పేరు పెట్టింది. ఆదివారం ఎవరైనా ఇంటికొచ్చి ఆయనేరీ అని అడిగితే, "సవతి కింద పడుకున్నారు, పిలవమంటారా?" అనేది.

అప్పట్లో అదంతా సరదాగానే ఉండేది. ఇప్పుడు మోకాళ్లు పట్టేస్తున్నాయి. వారమంతా కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నవాడికి ఆదివారం కూడా మెడ వంచాలంటే తల ప్రాణం తోకకొస్తోంది. బావతో ఆ మాట చెబుదామని ఎన్నోసార్లు నోటిదాకా తెచ్చుకుని మింగేశాడు. పంతొమ్మిదేళ్లుగా బావా తనూ మాట్లాడుకున్నదంతా ఆ కారు మీదుగానే. అది పోయాక ఏం మాట్లాడుకుంటారో అతనికి తెలియదు.

ఇద్దరి చేతులూ వేరు. నీళ్లు కారకూడదంటే ఊపిరి బిగబట్టి బిగించాలన్నది బావ మతం. గడియారంలో మరను వెంట్రుకవాసి ఎక్కువ తిప్పితే పాడైపోతుంది కాబట్టి ఇతనికి ఏదైనా గట్టిగా బిగించాలంటే భయం. మొదటి ఏడాది ఇతను బిగించిన సైలెన్సర్ నడిరోడ్డు మీద ఊడిపడింది. రెండో ఏడాది బావ బిగించిన బోల్టు ఇంజనులోనే పుటుక్కున విరిగింది. దాన్ని బయటికి తీయడానికి మూడు నెలలు పట్టింది. ఆ తర్వాత బిగించే పని బావదేనని తేల్చుకున్నారు. బావ పని ముగించి చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే, ఇతను చప్పుడు కాకుండా స్పానర్ తీసి, ఒక్కో బోల్టునూ చుట్టులో ఎనిమిదో వంతు వెనక్కి తిప్పేవాడు. అది మొదలు ఏదీ విరగలేదు, ఏదీ ఊడలేదు. ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

రెండోసారి తనిఖీ తప్పింది నీళ్ల పంపు కారుతోందని. కొత్త పంపు కొనే మాట ఇద్దరూ ఎత్తలేదు. తుక్కు కొట్టులో ఒక వ్యానులోంచి అలాంటిదే ఊడదీసుకొచ్చారు. పంపుకూ ఇంజనుకూ మధ్య పెట్టాల్సిన రింగును ఇతనే పాత ఫైలు అట్టతో కత్తిరించి నూనెలో నానబెట్టాడు. మొన్న ఆదివారం బావ మొహం పక్కకు తిప్పి, పళ్లు బిగించి, ఎప్పటిలాగే మూలుగుతూ ఆరు బోల్టులూ బిగించాడు. ఆయన కుళాయి దగ్గరికి వెళ్లగానే ఇతను స్పానర్ అందుకున్నాడు. బోల్టులు మెత్తగా కదిలాయి. ఇన్నాళ్లకు బావ చేతికి బుద్ధొచ్చింది అనుకున్నాడు. అనుకుని ఆగాల్సింది. మనసెక్కడో ఉంది, చెయ్యి దాని అలవాటు అది కానిచ్చేసింది. ఆరింటినీ ఎనిమిదో వంతు చొప్పున వదులు చేశాడు.

ఇవాళ బయల్దేరేటప్పుడు బావ తాళాలు అతని చేతికిచ్చాడు.

"నువ్వు నడపరా. కళ్లజోడు మర్చిపోయా."

కళ్లజోడు బావ జేబులోనే ఉంది. అతను చూశాడు, అడగలేదు. నిద్ర చాలక కళ్లు మండుతున్నాయి.

తనిఖీ ఆవరణలో రేకుల షెడ్డు కింద బళ్లు బారులు తీరి ఉన్నాయి. దీపాలు బాగున్నాయి, బ్రేకులు బాగున్నాయి. తనిఖీ చేసే ఆవిడ టార్చి వేసుకుని వంగి చూసి, లేచి నిలబడింది. కారు కింద అరచేతంత తడి.

"మళ్లీ నీళ్లేనండీ."

"మేడమ్, ఒక్క గంట టైమివ్వండి," అన్నాడు బావ.

ఆవిడ గోడ గడియారం చూసింది. రెండుంపావు. "నాలుగింటికి గేటు వేసేస్తాం. ఆలోపు కారడం ఆపుకుని వస్తే ఇవాళ్టి లెక్కలోనే చూస్తా. లేకపోతే రాసెయ్యక తప్పదు. నామీద కోపం పెట్టుకోకండి."

ఇద్దరూ ముక్కుతూ కారును గోడవారకు నెట్టారు. ఇంజను చల్లారేదాకా గట్టు మీద కూర్చున్నారు. పోతే పోనీ అని పొద్దున అనుకున్నవాడు ఇప్పుడు మాటిమాటికీ గోడ గడియారం వైపు చూస్తున్నాడు. ఇది తన ఎనిమిదో వంతు పనే. ఇన్నేళ్లుగా ఎవరూ పట్టుకోని దొంగతనం ఇవాళ బయటపడింది.

బావ లేచి పెట్టెలోంచి స్పానర్ తీశాడు. తీసింది కుడిచేత్తో. బావది ఎడమచేతి వాటం. అన్నం తినడం తప్ప ఏ పనీ కుడిచేత్తో చెయ్యగా ఇతను చూడలేదు. స్పానర్ రెండుసార్లు జారి ఠంగుమంది.

"ఇలా తే బావా, నేను చూస్తా."

బావ స్పానర్ ఇచ్చి మళ్లీ గట్టు మీద కూర్చున్నాడు. ఇతను మొదటి బోల్టు మీద స్పానర్ పెట్టాడు. అది అర చుట్టు తిరిగేదాకా పట్టు తగల్లేదు. రెండోదీ అంతే. ఎనిమిదో వంతంటే ఎంతో అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు, అతని బతుకంతా ఆ లెక్క మీదే నడిచింది. ఇది తను వదిలిన వదులు మాత్రమే కాదు. ఇవి అసలు బిగుసుకోనే లేదు. తల తిప్పి చూశాడు. బావ ఎడమచెయ్యి ఒళ్లో పడి ఉంది. వేళ్లు సగం ముడుచుకుని ఉన్నాయి.

"బావా, ఎన్నాళ్ల నుంచి?"

"ఏవిటి?"

"చెయ్యి."

బావ కుడిచేత్తో ఆ వేళ్లను చాపబోయి వదిలేశాడు. "మూడు నెలలైంది. ఒకరోజు పొద్దున బొటనవేలు మాట వినడం మానేసింది. మెల్లిగా మిగతావి కూడా దాంతో జట్టుకట్టాయి. మెడ దగ్గర నరమట. బాగవుతుందని చెప్పలేనన్నాడు డాక్టరు."

"అక్కకి తెలుసా?"

"తెలిస్తే ముందు సవతిని గెంటేస్తుంది. పైపుల పని ఎలాగూ వేరేవాళ్లకి అప్పజెప్పి పక్కన నిలబడి అరుస్తున్నా. నా చేత్తో చేసుకునేది ఇదొక్కటే మిగిలింది."

గడియారాల మనిషి స్పానర్ కింద పెట్టాడు. "తప్పు నాది కూడా బావా. మొన్న నువ్వు వెళ్లాక నేను..."

"ఎనిమిదో వంతు వెనక్కి తిప్పావు."

"నీకు తెలుసా?"

"ముప్పయ్యేళ్లు బిగించడమే పనిగా బతికినవాణ్ణిరా. నేను బిగించిన బోల్టు ఏడాది తర్వాత నేనే విప్పితే తెలీదూ? చేతులు కడుక్కోవడానికి పావుగంట ఎవడికి పడుతుంది? నీ పని అయ్యేదాకా అక్కడే కుళాయి తిప్పుకుని నిలబడేవాణ్ణి. నువ్వెలాగూ వెనక్కి తిప్పుతావని నేనింకాస్త గట్టిగా బిగించేవాణ్ణి."

"మరి మొన్న నన్ను ఆపొచ్చుగా!"

"ఆపితే చెయ్యి సంగతి చెప్పాలి." బావ ఒళ్లోని చేతిని పరాయివాళ్ల సామానులా చూశాడు. "గట్టిగానే బిగిశాయనిపించిందిరా. నిజంగా అలాగే అనిపించింది. నా చెయ్యి నాకే అబద్ధం చెబుతోంది."

తర్వాత బావ గట్టు మీద జరిగి దగ్గరికొచ్చాడు. "ఊఁ, బిగించు. టైమైపోతోంది."

అతను బిగించాడు. "చాలా?"

"ఇంకా."

"విరుగుతుంది బావా."

"విరగదు. ఇంకా. ఇన్నాళ్లూ నా వెనకాల నువ్వొచ్చేవాడివి. ఇక నీ వెనకాల ఎవరూ రారు. అది గుర్తుపెట్టుకుని బిగించు."

మొదటి ఏడాది సైలెన్సర్ ఊడిపడ్డాక, ఏ బోల్టునైనా ఆఖరిదాకా తనే బిగించడం అతనికి ఇదే మొదటిసారి. ఎడమవైపు మూడు, కుడివైపు మూడు, ఒకదాని తర్వాత ఒకటి, బావ చాలు అనేదాకా తిప్పాడు. నీళ్లు పోసి ఇంజను తిప్పితే సిమెంటు నేల పొడిగానే ఉంది. నాలుగింటికి పది నిమిషాలుండగా ఆవిడ అద్దం మీద కాగితం అతికించింది. ఇంకో ఏడాది. బావ మాత్రం చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఇతనికి నవ్వు రాలేదు, అక్కడే ఆ నేల మీద పడుకుని నిద్రపోవాలనిపించింది.

ఆదివారం చల్లటి ఇంజను మీద బోల్టులు మరోసారి చూసుకోవాలి, అట్ట రింగు వేడికి అణిగి సర్దుకుంటుంది కాబట్టి. అతను పొద్దునే వచ్చాడు. ఇష్టంగా వచ్చాడని చెప్పలేం. నడుం పట్టేసింది, దారంతా విసుక్కుంటూనే వచ్చాడు, అయినా వచ్చాడు. అక్కకు ఈలోపు చెయ్యి సంగతి తెలిసిపోయింది. రెండు రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు పాత కుర్చీ ఒకటి తెచ్చి, బావ కూర్చోవడానికని కారు పక్కన వేసింది.

అతను ఆరింటినీ కాస్త కాస్త బిగించాడు. స్పానర్‌ని పెట్టెలో వెయ్యలేదు. కారు అంచు మీద, బావకు అందేలా పెట్టాడు.

"చేతులు కడుక్కొస్తా," అన్నాడు.

పెరట్లో కుళాయి తిప్పి నిలబడ్డాడు. ఒక్కో వేలూ రుద్దాడు, గోళ్లు రుద్దాడు, మళ్లీ మొదట్నుంచి రుద్దాడు. పావుగంట ఎంతసేపో అతనికి అప్పుడు తెలిసింది. బావ ఇన్నేళ్లూ ఇక్కడే నిలబడ్డాడు.

"ఏరా, నీళ్లన్నీ నువ్వే ఒలకబోస్తావా?" వంటింట్లోంచి అక్క కేకేసింది.

"అయిపోయిందక్కా."

కుళాయి కట్టలేదు. నీళ్ల చప్పుడు మధ్య అటునుంచి ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు వినిపించింది. ఆగి, మరొకటి. ఆరోది వినిపించాక కుళాయి కట్టి, చేతులు తుడుచుకుంటూ వెళ్లాడు.

బావ కుర్చీలో ఉన్నాడు. ఎడమచేతి వేళ్లను కుడిచేత్తో కలిపి పట్టుకుని, స్పానర్‌ని వాటి మధ్య ఇరికించుకుని ఉన్నాడు. నుదురంతా చెమట.

"అన్నీ చూశా," అన్నాడు. "ఒక్కటీ కదల్లేదు."

ఆ చేతికి ఏ బోల్టూ కదలదని ఇద్దరికీ తెలుసు.

"అయితే మూసేద్దాం బావా," అని అతను కారు మూత దించాడు.