గుట్ట పోతూ అన్న మాట

పొద్దున ఏడింటికి నగారాగుట్ట పట్నం వెళ్ళిపోయింది. ఇళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. నలభై రెండు ఇళ్ళు, నూటపది రాతిమెట్లు, మెట్ల మొదట్లో పాతకాలపు కమాను, అన్నీ తమ తమ ఎత్తుల్లో గాలిలో నిలబడి ఉన్నాయి. కింద గుట్ట ఉండాల్సిన చోట పెద్ద గుంత ఉంది, దాని అడుగున తడిమన్ను కనిపిస్తోంది.

గుట్ట పోవడం చూసింది మొగులమ్మ ఒక్కతే. అప్పుడామె కింది నుంచి మూడో మెట్టు ఊడుస్తోంది. ఈ మెట్లు ఊడవమని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. కోడలిగా వచ్చిన మర్నాడు మొదలుపెట్టింది, నలభై ఏళ్ళయినా ఆపలేదు. మొగుడు పోయిన వారానికే చీపురు పట్టిందని ఆడిపోసుకున్నవాళ్ళున్నారు. వాళ్ళు కూడా రోజూ ఆ ఊడ్చిన మెట్ల మీది నుంచే దిగుతారు.

జనం దిగివచ్చి ఆమె చుట్టూ చేరతారు. గుట్ట పోతూ పోతూ ఏమన్నదని అడుగుతారు. అందరికీ కావాల్సింది అదే. ఇక్కడ గడప దాటే మనిషి "పోతున్న" అనడు, "పోయొస్త" అంటాడు. పోతున్న అని పోయినవాళ్ళు తిరిగిరారని భయం. నాలుగొందల ఏళ్ళుగా ఈ మాటలు వింటూ కూర్చున్న గుట్టకు ఆ రెంటికీ తేడా తెలియదనుకోవడానికి లేదు.

మొగులమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టుంది. చీపురు చప్పుడులో ఆమెకు మొదటి అక్షరమే వినిపించింది.

"పో అన్నది. ఎనకది ఇనలే" అని ఒప్పుకుంటుంది.

ఇంకో సంగతి ఆమె ఎవరికీ చెప్పదు. పోయేముందు గుట్ట కమాను దగ్గర కాసేపు ఆగింది. పోయేవాళ్ళు అలా ఆగితే "పోయి రా" అనాలి. అది మర్యాద. మెట్టు సగంలో ఉందని మొగులమ్మ తలెత్తలేదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఊడ్చిన మెట్టునే మళ్ళీ ఊడుస్తోంది.

గొడుగులు బాగుచేసే జహంగీర్ సాబ్, పడిపోతామని భయపడేవాళ్ళకు తలా ఒక గొడుగు పంచుతున్నాడు. ఎవరూ పడిపోవడం లేదు. పిల్లలు గుంతలోకి దిగి తలలెత్తి, తమ ఇళ్ళ అడుగులు ఇంత నల్లగా ఉంటాయా అని ముచ్చటపడుతున్నారు. పోపు వాసన మాత్రం రోజూ వచ్చే ఎత్తులోనే వస్తోంది.

పదకొండింటికి పట్నం నుంచి కొలతలాయన వస్తాడు. మర్యాదస్తుడు, చెప్పులు కమాను దగ్గరే విప్పాడు. టేపు తీసి, గుట్ట లేని చోటు పొడవూ వెడల్పూ కొలుస్తాడు. ఆయన దగ్గరున్న కాగితంలో రెండే గళ్ళు ఉన్నాయి: పోయినది, పోయివచ్చునది. మొదటి గడిలో టిక్కు పడితే ఇవాళే అందరూ కింది అపార్టుమెంట్లకు మారిపోవాలి. మెట్లను విప్పి ఏదో పార్కులో పేరుస్తారు.

"గుట్ట లేనప్పుడు గుట్ట మీద ఇండ్లు ఎట్లుంటయమ్మా?" అని ఆయన నెమ్మదిగా అడుగుతాడు.

"మేం గుట్ట మీద లేం సారూ. గుట్ట కోసం ఆగినం" అంటుంది మొగులమ్మ.

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. ఆగినవాళ్ళకు గడి లేదు. పొద్దుగూకేదాకా చూస్తానని చెప్పి కమాను నీడలో కూర్చుంటాడు. జహంగీర్ సాబ్ ఆయనకు కూడా ఒక గొడుగు ఇస్తాడు.

మధ్యాహ్నానికి పట్నం నుంచి కబుర్లు వస్తాయి. గుట్ట రోడ్డుకు ఎడమపక్కగా నడుస్తోందట, సిగ్నళ్ళ దగ్గర బుద్ధిగా ఆగుతోందట. ఇప్పుడు పాత వంతెన కింద నిలబడి ఒక్కో స్తంభాన్నీ తడిమి చూసుకుంటోందట.

"ఆ రాయంత ఈ గుట్టదే కదా. ఎప్పుడో పగలగొట్టి తీస్కపోయిండ్రు" అంటాడు జహంగీర్ సాబ్. "బిడ్డలను చూడబోయింది."

అది విని మొగులమ్మ ఏడుస్తుంది. బిడ్డల దగ్గరికి పోయిన తల్లి అక్కడే ఉండిపోవచ్చు, అందులో తప్పుపట్టడానికేమీ లేదు. కానీ గుట్ట తనకు కావాలి. ఇన్నేళ్ళలో ఆ ముక్క దానితో అనాలని ఆమెకు ఒక్కసారైనా తోచలేదు.

ఎండ తగ్గుముఖం పట్టాక ఆమె చీపురు పక్కన పెట్టి గుంత అంచుకు వెళుతుంది. ఆలస్యమైతే అయింది, బాకీపడ్డ జవాబు ఇచ్చేయాలనుకుంటుంది. లోపలికి వంగి, పక్కింటివాళ్ళతో మాట్లాడే గొంతుతోనే "పోయి రా" అంటుంది. గుంత ఆ మాటను లోపలికి తీసుకుంటుంది. అటు కొలతలాయన గడియారం చూసుకొని కలం మూత తీస్తాడు.

కలం కాగితానికి ఆనకముందే రోడ్డు మీద దుమ్ము లేస్తుంది. గుట్ట వస్తోంది. దాని సీతాఫలం చెట్టుకు ఒక బస్సు టికెట్ అంటుకొని ఉంది. అది వెనక్కి తిరిగి, మెల్లగా జరిగి జరిగి, ఇళ్ళ కింద సర్దుకొని కూర్చుంటుంది. నలభై రెండు వంటిళ్ళలో గిన్నెలు ఒక్కసారి గలగలమని ఊరుకుంటాయి.

మొగులమ్మ మొదటి మెట్టు మీద చతికిలబడి, పొద్దున పోతున్న అన్నావా, పోయొస్త అన్నావా అని అడుగుతుంది.

"పోనా అని అడిగిన" అంటుంది గుట్ట. "నువ్వు మాట్లాడకపోతివి. వద్దనలేదు గదా అని పోయిన."

"మరెందుకొచ్చినవ్?"

"రమ్మన్నవు కదా. నన్ను రమ్మన్నోళ్ళు ఇంతవరకు ఎవరూ లేరు."

కొలతలాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు. గొడుగు తిరిగి ఇవ్వబోతే జహంగీర్ సాబ్ ఉంచుకోమంటాడు. కమాను దాటేముందు ఆయన వెనక్కి తిరిగి, కొంచెం మొహమాటంగా, పోయొస్తా అంటాడు. అందరికంటే ముందు గుట్ట పోయి రమ్మంటుంది.

మర్నాడు పొద్దున మొగులమ్మ ఊడవడానికి దిగేసరికి కమాను దగ్గర ఒక రాయి నిలబడి ఉంది. దాని వెనక ఇంకోటి, దాని వెనక మరోటి, పట్నం దాకా వరుస. వంతెన స్తంభాలు, కోటగోడ బండలు, ఎవరెవరి ఇళ్ళవో గడపలు. తల్లి వచ్చి చూసిపోయాక ఆగలేక బయల్దేరాయి. అక్కడ వంతెన నది మీద ఉత్త గాలిలో నిలబడి ఉంది, దాని మీద బస్సులు నడుస్తున్నాయి, ఎవరూ పడిపోవడం లేదు.

మొగులమ్మ ఇంట్లోకి వెళ్ళి పళ్ళెంలో పసుపు కలిపిన బియ్యం తెస్తుంది. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను ఒడిబియ్యం పోయకుండా ఎవరూ పంపరు.

"ఒడి పట్టు బిడ్డా" అంటుంది.

ముందున్న స్తంభం, నది నీళ్ళు ఇంకా కారుతుండగా, మెల్లగా వంగి నాచుపట్టిన కొంగు చాపుతుంది.