ఉప్పు మడి పాఠానికి చోటు

నేను ఒక ట్యాబ్‌ని. ముప్పై రెండు జీబీల చిన్న కొట్టు అనుకోండి; అంతకు మించి ఒక్క ఫొటో కూడా పట్టదు. చోటు తక్కువైనవాడికి సరుకు ఎంచుకోవడం తెలియాలి. అది నాకు తెలిసేసరికి సగం ఆయుష్షు గడిచిపోయింది.

ఫ్యాక్టరీ నుంచి నేరుగా విశాఖలో ఒక బీమా ఆఫీసుకు చేరాను. అక్కడ మనుషులు షరతులు చదవకుండానే ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కేవారు. కొత్త ట్యాబ్‌లు రాగానే ఆఫీసు నన్ను శ్రీకాకుళం తీరంలో ఒక హైస్కూలుకు దానమిచ్చింది. ఆ నాటి ఫొటోలో నన్ను పదకొండుమంది పట్టుకున్నారు. మర్నాటి నుంచి ముట్టినవాళ్లు లేరు. హెడ్‌మిస్ట్రెస్ సావిత్రమ్మగారు కొన్న వీడియో పాఠాలతో నన్ను నింపించి, తువ్వాలు చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేశారు. రెండేళ్లలో నా మీద గీత పడలేదు, నా వల్ల ఎవరికీ ముక్క రాలేదు.

చివరికి సైన్సు చెప్పే కూర్మారావు మాస్టారు నన్ను బయటికి తీయించారు. ఫొటోలు, గొంతు, రాత కలిపి పిల్లలే పాఠం తయారు చేసుకునే యాప్ ఒకటి వేశారు. “శనివారం స్కూలు కమిటీకి చూపించండి,” అన్నారు సావిత్రమ్మగారు. “ఆటల్లా ఉంటే మళ్లీ బీరువాలోకే.”

పని తొమ్మిదో తరగతి పైడమ్మ తీసుకుంది. పుస్తకంలో ఉప్పు తయారీ గురించి రెండే వాక్యాలున్నాయి. ఆమె తల్లి దాలమ్మ ఇరవై ఏళ్లుగా ఉప్పు మడుల్లో కూలి. పైడమ్మ ఆ పాఠమే ఎంచుకుంది.

మొదటి రోజే దెబ్బతింది. వెలుతురు బాగుంటుందని అందరినీ మధ్యాహ్నం రమ్మంది. మడిలో ఉప్పు లాగే పని ఎండెక్కకముందే అయిపోతుంది. పైగా దాలమ్మా, తోటి కూలీలూ పెళ్లిళ్లకు దాచుకున్న చీరల్లో, తలనిండా పూలతో వచ్చి గట్టు మీద వరసగా నిలబడ్డారు. వీడియో నడుస్తోందని చెప్పినా కదల్లేదు.

“అమ్మా, పని సెయ్యండే.”

“ఈ కోకతో ఉప్పు లాగమంటావేటే? మాసిన కోకలో తీత్తే ఊరు నవ్వదా?”

“ఉప్పు ఎలాగొత్తాదో సూపించాలి. మీ కోకలు కాదు.”

“ఎండకొత్తాది,” అంది పక్కనున్న రాములమ్మ. “బేగి తీసీ. పువ్వులు వాడిపోతన్నాయి.”

శుక్రవారం తెల్లారుతూనే తల్లీకూతుళ్లు మళ్లీ మడికి వెళ్లారు. నాలో చోటు లేదు. పైడమ్మ చీరల వీడియో చెరిపేసింది, చాల్లేదు. కొన్న పాఠాల జాబితా తెరిచింది. ప్రతిదాని పక్కనా ‘చూడలేదు’ అని ఉంది. వేలు కాసేపు ఆగింది. తర్వాత ఆగలేదు. కదలని సరుకును తీసిపారేసే గుండె బీమా ఆఫీసు పెద్దలకు కూడా లేదు.

“అమ్మా, నన్ను సూడకు. నీ పని నువ్వు సూసుకో.”

దాలమ్మ చీర పైకి దోపుకుని, పొడవాటి కర్రపలకతో ఉప్పును గట్టుకు లాగుతూ, కాసేపటికి నన్ను మరిచిపోయి మాట్లాడింది. అంతా నాలో పడింది.

శనివారం కమిటీ ముందు సావిత్రమ్మగారు నన్ను తెరిచి వెతికారు. “కొన్న పాఠాలేవీ?”

“నేనే తీసేసినానండి. చోటు చాల్లేదు.”

కూర్మారావు మాస్టారు ఏదో సర్దిచెప్పబోయారు. పైడమ్మ అప్పటికే తన పాఠం నొక్కేసింది.

పాఠం ఆరు నిమిషాలు నడిచింది. కమిటీ చైర్మన్ కామయ్య కూడా మడుల్లో పెరిగినవాడే. “తప్పుంది,” అన్నాడు. “నీరు మొత్తం ఆరిపోతే ఉప్పు సేదెక్కిపోద్ది. కొంచెం నీరుండగానే లాగాల. అది సెప్పకపోతే సదివినోడు పాడు సేత్తాడు. రేపు నా మడి కాడికి రా గుంటా, సూపిత్తాను.”

“రేపు ఆదివారమండి,” అంది పైడమ్మ సావిత్రమ్మగారితో. “ట్యాబ్ ఇంటికి పట్టుకెళ్తే దిద్దుకొత్తాను.”

సావిత్రమ్మగారు కామయ్యను చూశారు, పైడమ్మను చూశారు. సొరుగు లాగి చార్జరు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టారు.

“సగమే ఉంది. నిండా పెట్టుకో.”

పైడమ్మ నన్ను సంచిలో, లెక్కల పుస్తకానికీ సైన్సు పుస్తకానికీ మధ్య దూర్చింది.