సంతకం దాకా వెళ్ళి వచ్చిన బండి

నేను ఒక మూడు చక్రాల బండిని. అలాగని ఆటోను కాను. ఆటోకు ముందొక చక్రం, వెనక రెండు. నాకు ముందు రెండు, వెనక ఒకటి. పైన రేకు కప్పు, రెండు పక్కలా తలుపులు, లోపల నలుగురికి చోటు. లీటరు పెట్రోలుకు నలభై కిలోమీటర్లు నడుస్తాను. ఈ మాట వినగానే మనుషులు ముందు నవ్వుతారు. తర్వాత వంగి నా కిందికి చూస్తారు. ఆ తర్వాత, "మరి పెద్ద కంపెనీలు ఇలాంటివి ఎందుకు చెయ్యవు?" అంటారు. దానికి జవాబు నాకు కొంత తెలుసు. వాళ్ళ గడప తొక్కి వచ్చినదాన్ని కదా.

నేను పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో, నాగూర్ మీరా షెడ్డులో. ఆయన లారీ స్టీరింగులు బాగుచేసే మెకానిక్కు. ఒక వానాకాలం సాయంత్రం ఆయన చెల్లెలు కాశింబీ, ఆమె భర్త, ఇద్దరు పిల్లలు ఒకే స్కూటరు మీద వస్తూ కానూరు దగ్గర జారిపడ్డారు. చిన్నదానికి మోచెయ్యి విరిగింది. "కారు కొనే తాహతు లేదు, స్కూటరు మీద పట్టం. ఏం చెయ్యమంటావు బావా?" అని ఆసుపత్రి వరండాలో ఆ తండ్రి అడిగిన మాట నాగూరును కుదురుగా ఉండనివ్వలేదు. పాత స్కూటరు ఇంజను, తుక్కు కింద కొన్న వ్యాను ఇరుసు, కనబడ్డ ఇనుమల్లా తెచ్చి రెండేళ్ళు అతికాడు. మూడుసార్లు విప్పి మళ్ళీ కట్టాడు. అంత పట్టుదల ఉన్న మనిషి చేతిలో పుట్టడం నా అదృష్టం. పొగిడితే ఆయన కరిగిపోయే మనిషి కావడం మాత్రం నాకు మొదటి నుంచీ గుబులే.

పేపర్లో నా ఫోటో పడిన పది రోజులకు ఒక పెద్ద కార్ల కంపెనీ నుంచి ఇద్దరు వచ్చారు. చక్రపాణి గారని పెద్ద అధికారి, ఇందుమతి అని ఇంజనీరు. ఆయన నా కప్పు నిమిరి, "అద్భుతం మీరా గారూ, దేశానికి కావలసింది ఇదే" అన్నారు. ఇందుమతి మాత్రం నోటుపుస్తకం తీసి నా కొలతలు రాసుకుంటూ పోయింది. ఇద్దరిలో నాకు ఆమె మీదే అనుమానం కలిగింది. పొగిడేవాడు ఎంతో కొంత ఇచ్చిపోతాడు, రాసుకునేవాళ్ళు పట్టుకుపోతారు.

ఆరు నెలలు తమ మైదానంలో పరీక్షిస్తామనీ, బాగుంటే మాట్లాడుకుందామనీ అన్నారు. వాళ్ళు వెళ్ళాక నాగూర్ భార్య సైదాబీ టీ గ్లాసులు తీస్తూ అడిగింది.

"నాలుగు చక్రాలు అమ్ముకునేవాడికి మూడు చక్రాలతో ఏం పనయ్యా?"

"పెద్దవాళ్ళే. మనల్ని మోసం చేస్తే వాళ్ళకేం వస్తది?"

"అదే తెలవట్లేదు. తెలవకపోతేనే నాకు భయం."

అయినా నన్ను లారీ ఎక్కించారు.

ఆ మైదానం సముద్రానికి దగ్గర్లో ఉంది. గచ్చు రోడ్లు, గీతలు గీసిన మలుపులు. మూడో రోజున నలుగురి బరువుకు సరిపడా ఇసుక మూటలు వేసుకుని, నెత్తిన హెల్మెట్టుతో ఇందుమతే నన్ను నడిపింది. యాభై వేగంతో మలుపు తిరిగేసరికి నా ఎడమ చక్రం గాల్లోకి లేచింది. కుడిపక్కకు పడిపోయాను. ఆమె మోచేతులు గీరుకుపోయాయి.

కబురందుకుని నాగూర్ ఆ మర్నాడే పరిగెత్తుకొచ్చాడు. నా సొట్టలు చూసి కళ్ళు ఎర్రజేశాడు.

"మీరే ఏదో చేశారు! మా ఆటోనగర్‌లో ఇది ఒక్కనాడన్నా పడలేదు."

"అక్కడ మీరు యాభైతో మలుపు తిప్పలేదు నాగూర్ గారూ" అంది ఇందుమతి. "మీ చెల్లెలి పిల్లల్ని ఎక్కించాలనుకున్నారుగా. వాళ్ళుండగా పడితే?"

నాగూర్ చూపు నా ముందు చక్రాల మీదికి మళ్ళింది. నాకు నోరుంటే ఆ రోజు చెప్పేదాన్ని. ఎవరూ తోయలేదు, నేనే పడ్డాను. ఇంజను ఎత్తుగా ఉంది, ముందు చక్రాల మధ్య ఎడం చాలలేదు. నా తప్పును ఆయన కుట్ర అనుకుంటుంటే సిగ్గేసింది.

ఇరవై రోజులు వాళ్ళిద్దరూ నా కిందే పడుకుని పనిచేశారు. ముందు చక్రాల ఎడం జానెడు పెంచారు. సీట్లు దించారు, బ్యాటరీని నేల కిందికి మార్చారు. ఆమె లెక్క కట్టేది, ఆయన వెల్డింగ్ చేసేవాడు. రెండో పరీక్షలో యాభైకి పడలేదు, అరవైకి పడలేదు. డెబ్భైకి టైర్లు కీచుమన్నాయి గానీ మూడూ నేలను వదల్లేదు. నాగూర్ నా కప్పు మీద తల ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

ఇక అక్కడి నుంచీ విచిత్రం. నాలో లోపమున్నంత కాలం కోట్లు వేసుకున్నవాళ్ళు రోజుకు నలుగురు వచ్చి చూసి, తలలు ఆడించి, హాయిగా వెళ్ళేవాళ్ళు. లోపం పోయాక ఒక్కరూ రాలేదు. నాగూర్‌ను ఇంటికి పంపించారు. నన్ను ఒక మూల నిలబెట్టి పట్టా కప్పారు. ఒక మధ్యాహ్నం ఆ పట్టా పక్కనే ఇందుమతి చక్రపాణి గారిని నిలదీసింది.

"నా రిపోర్టు పైకి ఎందుకు పంపలేదు సార్? ఇది అమ్ముడుపోదని భయమా?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

"పోతుందనే భయమమ్మా. ఇది ఒకటి కొన్నవాడు మన చిన్న కారు కొనడు. కారు మీద మిగిలేదాంట్లో పదో వంతు కూడా దీనిమీద మిగలదు. నన్ను దుర్మార్గుణ్ణి అనుకోకు. నా కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టినా ఇదే మాట అంటారు."

"మరి దీన్ని వెనక్కి పంపేద్దాం."

"పంపితే ఆ మీరా ఇంకో కంపెనీ తలుపు తడతాడు" అన్నారాయన.

ఆ వారమే నాగూర్‌నూ సైదాబీనీ పిలిపించారు. నా మీది పట్టా తీసి, ముందు భాగాన్ని తుడిచి, దాని మీదే ఇంగ్లీషు కాగితాలు పరిచారు. చక్రపాణి గారు కలం మూత తీసి ముందుకు చాచారు. కాగితంలో ఉన్న మొత్తం నాగూర్ జన్మలో ఒక్కచోట చూసినది కాదు. ఆయన చెయ్యి కలం దాకా వెళ్ళింది.

"ఆగయ్యా" అంది సైదాబీ. ఇందుమతి వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు చదివి తెలుగులో చెప్పు. ఒక్క ముక్క వదలొద్దు."

ఇందుమతి తన అధికారి ముఖం చూసింది. ఆయన కళ్ళతోనే వద్దన్నారు. ఆమె కాగితం అందుకుంది. ఇప్పుడు కప్పిపుచ్చుతుంది, ఆ నోటుపుస్తకం రంగు బయటపడుతుంది అనుకున్నాను. ఆమె ఒక్కో వరుస మీదా వేలు పెట్టి చదివింది.

"ఈ బండి మీద హక్కులన్నీ కంపెనీవి. పదిహేనేళ్ళ పాటు మీరు ఇలాంటిది తయారు చెయ్యకూడదు, ఇంకెవరికీ నేర్పకూడదు. తయారు చెయ్యాలన్న నిర్బంధం మాత్రం కంపెనీకి లేదు."

నాగూర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మీరు చేస్తారా సార్, చెయ్యరా?"

"మార్కెట్‌ను బట్టి ఉంటుంది మీరా గారూ."

"ఎప్పటికన్నా చేస్తామని ఒక్క ముక్క రాయండి. ఈ డబ్బులో సగమే ఇవ్వండి. ఇప్పుడే సంతకం పెడతా."

చక్రపాణి గారు కలానికి మూత పెట్టారు.

నేను మళ్ళీ లారీ ఎక్కాను. ఇందుమతిని రెండు నెలల తర్వాత ఏదో లెక్కల విభాగానికి మార్చారట, తర్వాత ఆమే మానేసిందట. ఆమెను అనుమానించి నేను చేసిన అన్యాయం నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

నాగూర్ గెలిచాడని చెప్పలేను. కొత్తరకం బండి రోడ్డెక్కాలంటే ప్రభుత్వ పరీక్షలు నెగ్గాలి. ఆ రుసుములు చిన్న షెడ్డువాడు తట్టుకునేవి కావు. నాకు నంబరు ప్లేటు రాలేదు. కాశింబీ కుటుంబం ఇప్పటికీ స్కూటరు మీదే తిరుగుతోంది. సంతకం పెట్టి ఉంటే నీకు సొంత ఇల్లుండేది కదా అని ఆటోనగర్‌లో నలుగురూ అన్నారు. నాగూర్ వాళ్ళ ముందు నవ్వి, వాళ్ళు వెళ్ళాక పనిముట్లను కాస్త గట్టిగానే విసిరేవాడు.

ఆ తర్వాత ఒక రోజు నన్ను షెడ్డు ముందుకు తోసి, పక్కన రేకు బోర్డు నిలబెట్టి, ఎర్ర రంగుతో సొంత దస్తూరీలో రాశాడు: "ముట్టుకోవచ్చు. కొలుచుకోవచ్చు. చేసుకోవచ్చు."

పాలిటెక్నిక్ విద్యార్థులు వస్తారు, నా కిందికి దూరి బొమ్మలు గీసుకుంటారు. చీరాల వైపు నుంచి ఎవరో వెల్డరు వచ్చి రెండు రోజులుండి వెళ్ళాడు.

మొన్న ఒకాయన వచ్చాడు. ఖరీదైన బూట్లు, పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. ఫోటోలు తీశాడు, జేబులోంచి కొలత టేపు తీశాడు. సైదాబీ గుమ్మంలోంచే భర్తకు సైగ చేసింది. నాగూర్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి ఆ బూట్లను చూశాడు, టేపును చూశాడు.

"చేస్తారా సార్?" అని అడిగాడు.

"చూడాలి" అన్నాడాయన.

నాకు నమ్మకం లేదు. నాగూర్‌కూ ఉందనుకోను. అయినా వంగి, ఆ టేపు రెండో కొస తనే పట్టుకున్నాడు.