అమ్మ గడి

"పొద్దంత ఇంట్ల తిరుగుతనే ఉంటవు, నీకు మళ్ల వాకింగ్ ఎందుకు?" అన్నాడు జగదీశ్, సాక్సు తొడుక్కుంటూ. చంద్రకళ అడిగిందల్లా పొద్దున ఓ అరగంట. అడగడమే తప్పయినట్టు నోరు మూసుకుని మొగుడి డబ్బా, కూతురు సహస్ర డబ్బా కట్టి, తను రెండు బిస్కెట్లు నోట్లో కుక్కుకుని, తను పాఠాలు చెప్పే ఝరాసంగం బడికి జహీరాబాద్‌లో ఆటో ఎక్కింది. ఆ రోజు ఆవిడగారు మూడో తరగతికి చెప్పాల్సిన పాఠమేమిటో తెలుసా? మంచి తిండి, మంచి ఆట. వేళకు తినాలి, కూర్చుని తినాలి, వేడిగా తినాలి, చెమట పట్టేలా ఆడాలి. ఖర్మ కాకపోతే ఏమిటి!

పాఠం మాత్రం బ్రహ్మాండంగా చెప్పింది. చిప్స్ పొట్లాలను దులిపి పారేసింది. చివర్లో బోర్డు మీద గడులు గీసి నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను అని రాసింది. ఈ రాత్రి ఎవరేం తింటారో, ఎవరేం ఆడతారో రాసుకు రమ్మంది. చిప్స్ తినేవాళ్లను పట్టేద్దామని ఆమె ఎత్తు.

మర్నాడు చిప్స్ దొంగలు తొమ్మిదిమంది దొరికారు. కానీ ఆమె కళ్లు అమ్మ గడి దగ్గరే ఆగిపోయాయి. ఇరవై రెండు కాగితాల్లో సగం చోట్ల అక్కడ ఒట్టి గీత. కొన్నిచోట్ల 'మిగిలింది' అని ఉంది. దీక్షిత అయితే 'తెల్వదు, నేను సూడలే' అని రాసింది.

"ఒక్కపారి గూడ సూడలేదా బిడ్డా?"

"మేం పండుకున్నంక తింటది టీచర్."

అమ్మ తింటుంటే చూసినవాళ్లను చేతులెత్తమంది. నాలుగు చేతులు లేచాయి. కాసేపు ఆలోచించి ఒకటి దిగిపోయింది.

చంద్రకళకు తన వంటిల్లు కళ్లముందుకొచ్చింది. జొన్నరొట్టె ఒక్కొక్కటే కొట్టాలి, ఒక్కొక్కటే కాల్చాలి. దిగింది దిగినట్టు జగదీశ్ పళ్లెంలోకి, తర్వాత సహస్రకి. అత్త అనంతమ్మ కొడుకు తిని లేచేదాకా ముద్ద ముట్టదు. అందరివీ అయ్యాక మిగిలిన పొడిపిండి కూడగట్టి అరచేతంత రొట్టె కొడితే అది చంద్రకళది. అది పళ్లెంలోకొచ్చేసరికి కూర అడుగంటి ఉంటుంది, నడుము పడిపోతూ ఉంటుంది. "ఆడోళ్లం ఎంత తింటం తియ్, అదే సాలు," అంటుంది అనంతమ్మ, ప్రేమగానే. పన్నెండేళ్లుగా ఆ మాటను తను కూడా ప్రేమగానే విన్నందుకు ఇప్పుడు ఒళ్లు మండింది. సహస్ర ఈ గడి నింపాల్సి వస్తే ఏం రాస్తుంది?

అక్కడికక్కడే హోంవర్కు మార్చేసింది. ఈ పూట మొదటి రొట్టె అమ్మకు. ఆమె కూర్చుని తినేదాకా ఎవరూ మొదలుపెట్టకూడదు. ఆ తర్వాత అమ్మతో ఒక ఆట.

తెల్లారి తరగతిలో తిరునాళ్లే. "మా అమ్మ తాడాట నలభై దుంకింది టీచర్, మా నాయన లెక్కబెట్టుడు మర్శి నోరు తెర్సుకొని సూసిండు," అన్నాడు వీరప్ప. రామ్‌కిషన్ వాళ్లమ్మ తింటూ ఏడ్చి, మళ్లీ నవ్వి, ఇంకో రొట్టె అడిగిందట. దీక్షిత మాత్రం లేచి నిలబడి మెల్లగా చెప్పింది. "మా అమ్మకు పచ్చిమిరపకాయ తొక్కు మస్తు ఇష్టమంట టీచర్. నాకు నిన్ననే తెల్సింది." చంద్రకళకు ఎంత సంతోషమైందంటే ఆ పిల్లను ఎత్తుకుని గిరగిరా తిప్పేసింది.

అప్పుడడిగాడు వీరప్ప. "మరి మీరేం తిన్నరు టీచర్?"

రాత్రి ఆమె తిన్నది అదే అరచేతంత రొట్టె, అదీ నిలబడి. చెబితే సిగ్గు, అబద్ధమాడితే ఈ మూడు రోజులు చెప్పిన పాఠమంతా బూటకం. "రేపు చెప్త," అంది.

ఆ సాయంత్రం మొదటి రొట్టె పెనం మీద పొంగింది. జగదీశ్ పళ్లెం జరిపాడు. చంద్రకళ రొట్టె తీసి తన పళ్లెంలో వేసుకుని, పొయ్యి తగ్గించి, కింద కూర్చుంది. ఆవిరి పొగలు కక్కే ముక్క తుంచి, తొక్కు అద్దుకుని నోట్లో పెట్టుకుంది. అబ్బ, ఏం రుచి!

"మరి నాకు?" అన్నాడు జగదీశ్.

"పిండి తడిపి ఉంది. రాండ్రి, కొట్టుడు నేర్పిస్త."

"బడి పాఠాలు బడిలనే పెట్టుకోరాదా?"

"రేపు పిల్లలు అడుగుతరు. నేను అబద్ధం చెప్ప. తినేదాక లేవ గూడ లేవ." గొంతు పెంచలేదు, నవ్వుతూనే అంది.

జగదీశ్ కాసేపు తల్లి వంక చూశాడు, పెనం వంక చూశాడు. ఆకలి మహా చెడ్డది. గొణుక్కుంటూ చేతులు కడుక్కున్నాడు. అతను కొట్టిన మొదటిది ముక్కలైంది. రెండోది అంచులు పగిలింది. సహస్ర కడుపు పట్టుకుని నవ్వింది. మూడోది రొట్టె అనదగ్గట్టే వచ్చింది. చంద్రకళ కూర్చున్నచోటి నుంచే, "అది నాయనమ్మకియ్యి," అంది.

సహస్ర తెచ్చి పెట్టింది. అనంతమ్మ ఆ వేడి రొట్టెను కొంగుతో పట్టుకుని అటూ ఇటూ చూసింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. కొడుకు ఇంకా తినలేదు.

"ఇది ఎవరికియ్యాలె బిడ్డా?" అని అడిగింది.