దవడ తగ్గని చక్రవర్తి

వియన్నాలో నోట్‌బుర్గా పొద్దున్నే చేసే మొదటి పని కాఫీ కాచుకోవడం, రెండో పని చక్రవర్తి దవడ చెక్కేయడం. పదిహేడు రోజులుగా ఇదే వరస. పళ్ళెమంత సుద్ద బిళ్ళ, దాని మీద పక్కకి తిరిగిన ముఖం. నాణెం అచ్చు తీసేది దాన్నుంచే. సాయంత్రం ఆ దవడని ముద్దొచ్చేలా నున్నగా దించి, తాళం వేసుకుని ఇంటికెళ్తుందా, తెల్లారి తలుపు తీసేసరికి అది మళ్ళీ ముందుకి పొడుచుకొచ్చి, రెండు పిచ్చుకలు కాపురం పెట్టుకునేంత అరుగై కూర్చుంటుంది. రాలిన సుద్దపొడి ఊడ్చి వాకిట్లో పోస్తే, మే నెలలో మంచు కురిసిందనుకుని ఎదురింటివాళ్ళు ఉన్నికోట్లు బయటికి తీశారు.

"ఇవాళెంత పెరిగిందే?" పక్క రొట్టెల కొట్టు వ్లాస్తా గసగసాల రొట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది.

"రెండు వేళ్ళు."

"నయమే, నిన్న మూడు కదూ. ఎండ తగలని చోట పెట్టి చూడు. నా పిండి కూడా ఎండకే పొంగుతుంది."

ఆ సందులో ఒకప్పుడు నలభై మంది అచ్చులు చెక్కేవాళ్ళుండేవారు. ఇప్పుడు మిగిలింది నోట్‌బుర్గా ఒక్కర్తే. వేసవిలోగా చేతిలో పని లేకపోతే గది ఖాళీ చెయ్యమన్నాడు ఇంటాయన. నోట్‌బుర్గా వాళ్ళ నాన్న తిప్పిన, నాణేలు కొట్టే చేతిమర ఇనప సామాన్ల బండెక్కాల్సిందే. అలాంటి సమయంలో వచ్చింది ఈ పని. ఒకప్పుడు ఆ దేశాన్నేలిన హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల వంశాభిమానుల సంఘం ఆ వంశం పేరున వంద వెండి నాణేలు చేసిమ్మంది. బజారులో చెల్లేవి కావు, మఖమలు పెట్టెలో పెట్టుకుని మురిసిపోయేవి.

సంఘం అధ్యక్షురాలు కునిగుండె గారు. దేశంలో బిరుదులు రద్దయి వందేళ్ళు దాటినా ఆవిడని "కౌంటెస్ గారూ" అనే పిలవాలి, లేకపోతే ఆవిడకి వినపడదు. బుధవారం ఎప్పట్లాగే గడ్డం కనపడకుండా మెడకి బొచ్చుపట్టీ చుట్టుకుని వచ్చి, బిళ్ళ చూసి పెదవి విరిచింది.

"ఇంకా తగ్గాలి. చక్రవర్తి చక్రవర్తిలా ఉండాలి గానీ, రొట్టెలు తీసే పారలా ఉంటాడా?"

"ఆయన నిజంగా అలాగే ఉండేవారటండీ, కౌంటెస్ గారూ. ఆ వంశంలో అందరిదీ అదే దవడట."

"ఉంటే ఉన్నారు! మేయర్లకి మూడు గడ్డాలుంటే నువ్వు ఒకటే చెక్కలేదూ? శుక్రవారం విందు. నీ వల్ల కాకపోతే చెప్పు, మరలతో చేసేవాళ్ళు బోలెడంతమంది."

ఆవిడన్నదీ అబద్ధం కాదు. నలభై ఏళ్ళుగా నోట్‌బుర్గా ఎన్ని ముక్కులు సరిచేసిందో, ఎన్ని బట్టతలలకి జుట్టు మొలిపించిందో! అందరూ సంతోషంగానే తీసుకెళ్ళారు. కానీ వాళ్ళలో ఒక్కరి ముఖం గుర్తు తెచ్చుకుందామంటే తనకి ఇప్పుడు గుర్తురాదు. అన్నీ ఒక్కలాగే, తోమిన చెంచాల్లా ఉంటాయి.

గురువారం ఉపాయం పన్నింది. దవడ దించీ దించగానే, అది మళ్ళీ లేచేలోపు అచ్చు తీసేయాలి. వ్లాస్తాని ముక్కాలిపీట మీద కాపలా కూర్చోబెట్టింది.

"కదిలితే చెప్పు."

"కదల్లేదు. గుటక మింగాడంతే."

"గుటక మింగితే మింగనీ, దవడ చూడు!"

అచ్చు కుదిరింది. ఇద్దరూ చేతిమర తిప్పి తిప్పి వంద నాణేలు కొట్టారు. ఆ చప్పుడికి డాన్యూబ్ నదిలో చేపలు అవతలి గట్టుకి పోయాయి. వంద ముఖాలూ నున్నగా, బుద్ధిగా పెట్టెల్లో పడుకున్నాయి.

శుక్రవారం విందులో ఉడికించిన గొడ్డుమాంసం, ఘాటుకి కళ్ళల్లో నీళ్ళు తెప్పించే ముల్లంగి తురుము. ఆ వంశానికి చుట్టాలమని చెప్పుకునే ముసలి దొరలు వంగి వంగి ముసలి దొరసానుల చేతులు ముద్దు పెట్టుకున్నారు. బల్ల చివర నోట్‌బుర్గా ముళ్ళ మీద ఉన్నట్టు కూర్చుంది. కునిగుండె గారు గ్లాసు మీద చెంచాతో టింగుమనిపించి, "ఇక పెట్టెలు తెరవండి" అనబోయింది. ఎవరూ తెరవక్కర్లేకపోయింది. టక్కు టక్కుమని వంద మూతలూ వాటంతటవే లేచాయి. వెండి దవడలు పెట్టెల్లో పట్టక తోసుకుని బయటికొచ్చాయి.

నోట్‌బుర్గా మనసులోనే గది తాళాలు ఇంటాయన చేతిలో పెట్టేసింది.

అప్పుడు తొంభై నాలుగేళ్ళ ముసలాయన ఒకాయన తన నాణేన్ని కళ్ళద్దాలకి ఆనించుకున్నాడు.

"ఇది మా అమ్మ దవడ," అన్నాడు. "ఫొటో తీసిన ప్రతివాడూ దిద్దేశాడు. డెబ్భై ఏళ్ళయింది చూసి." బొటనవేలితో ఆ దవడ నిమురుతూ కూర్చున్నాడు. ముల్లంగి తినకుండానే కళ్ళంట నీళ్ళు.

"కాదు, మా పెద్దత్తది!" అంది పక్కావిడ.

"పోవమ్మా! మీ పెద్దత్తకి ఇందులో సగమైనా ఉంటేగా!"

ఇక చూడాలి! వెండి ఎలా పెరిగిందని ఒక్కరూ అడగలేదు. ఎవరి మేనమామది ఎవరి ముత్తవ్వదని మాంసం చల్లారిపోయేదాకా పోట్లాడుకున్నారు. ఎవరికి వాళ్ళు తమ దవడలు తడుముకుని చూసుకున్నారు. కునిగుండె గారు మాత్రం లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున నోట్‌బుర్గా ఉలులన్నీ పాత పేపర్లో చుట్టేస్తుంటే తలుపు తోసుకుని వ్లాస్తా వచ్చింది. "పని మానుకుని ఏం చేస్తున్నావే? నీ మెట్ల మీద ముసలాళ్ళు నా కొట్టు గుమ్మం దాకా నించున్నారు. ముఖాలు చెక్కించుకుంటారట. ముందు మీరంటే ముందు మీరని ఒకటే మర్యాదలు, రాత్రయినా లోపలికి రారు!"

వాళ్ళందర్నీ దాటుకుని మొదట లోపలికొచ్చింది కునిగుండె గారు. కూర్చుని, ఆగస్టు ఎండలో కూడా తియ్యని మెడ బొచ్చుపట్టీ పిన్నులు ఒక్కొక్కటే తీసి, పట్టీ విప్పి ఒళ్ళో పెట్టుకుంది. కిటికీ వైపు పక్కకి తిరిగింది.

"ఏమీ తగ్గించకు," అంది.

నోట్‌బుర్గా ఒక్క క్షణం చూసింది. చేతిలోకి తీసుకున్న సుద్ద బిళ్ళని పక్కన పెట్టి, అటక మీంచి పెద్దది దించింది.