పులెంగ్ ఆయాసం

దక్షిణాఫ్రికాలోని బొట్షాబెలోలో మొహాపి నడక తెలియనివాళ్ళు లేరు. వెల్కమ్ ఊరి బంగారు గనుల్లో ఇరవై ఆరేళ్ళు భూమి అడుగున బండలు తొలిచిన మనిషి. పని మానేసి ఇల్లు చేరాక కూడా టాక్సీ ఎక్కడమంటే ఆయనకు చిన్నతనం. ఆదివారం చర్చికి, శనివారం అంగళ్ళకు, పింఛను రోజున హాలుకు, అన్నింటికీ కాళ్ళే. భార్య పులెంగ్ రెండడుగుల వెనక నడిచేది.

రెండేళ్ళ కిందట ఒక శనివారం మొక్కజొన్న పిండి సంచి భుజాన వేసుకుని వస్తూ, నీళ్ళ ట్యాంకు దాటగానే మొహాపి ఆగిపోయాడు. పొగతాగే పైపు కోసం జేబులు తడుముకోవడం మొదలుపెట్టాడు. పైపు నోట్లోనే ఉంది. ఎడమ పిక్క బిగుసుకుపోయి, నుదుటి మీద చెమట పట్టి ఉండటం పులెంగ్ చూసింది. చూడనట్టే ఊరుకుంది. గనిలో చెయ్యి విరిగిననాడు కూడా నొప్పి అనని మనిషి ఆయన.

మరుసటి శనివారం ట్యాంకు ఇంకా కొంచెం దూరం ఉందనగా ఆమే ఆగింది.

"ఉండవయ్యా డినియో నాన్నా. ఆయాసమొస్తోంది."

మొహాపి వెనక్కి తిరిగాడు. ఆ ముఖంలో హమ్మయ్య అన్న భావం ఒక్క క్షణం కనిపించి మాయమైంది. ఆ క్షణమే పులెంగ్‌కు చాలింది.

"ముసలిదానివైపోయావే," అని నవ్వాడాయన.

అప్పటినుంచి పులెంగ్‌కు ఆయాసం పట్టుకుంది. మొదట్లో ట్యాంకు దగ్గర వచ్చేది. ఆ చలికాలానికి మంగలి షెడ్డు దగ్గరికి జరిగింది. ఏడాది తిరిగేసరికి ఇంట్లోంచి బయల్దేరి వీధి మలుపు దాటకముందే వచ్చేసేది. ఆయన నొప్పి ఎక్కడ మొదలవుతుందో ఆమె లెక్క తప్పేది కాదు. నాలుగడుగుల ముందే గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయేది.

మొహాపి ఊరంతా చెప్పుకునేవాడు. "మా ఆవిడ గుండె పాత టాక్సీ ఇంజిను. నాలుగడుగులకోసారి ఆపి చల్లార్చాలి." చర్చి మెట్ల మీద ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. పులెంగ్ కూడా నవ్వేది. బ్లుమ్‌ఫాంటైన్‌లో రొట్టెల దుకాణంలో పనిచేసే కూతురు డినియో హడలిపోయి, తల్లిని క్లినిక్‌కు లాక్కెళ్ళింది. గుండె గుర్రంలా ఉందమ్మా అంది నర్సు. ఇంటికి వచ్చాక కూడా పులెంగ్ తన ఆయాసం మానలేదు.

ఈ ఏడు ఆగస్టులో మొహాపి పెరట్లో బచ్చలి మడి తవ్వుతుంటే ఆయన ఎడమ కాలి బొటనవేలికి పార తగిలింది. చిన్న దెబ్బే. నెల గడిచినా మానలేదు. వేలు నల్లబడింది, వాసన మొదలైంది. డినియో కారు మాట్లాడి తండ్రిని తిట్టి, బతిమాలి, నగరంలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

డాక్టర్ మఫీసా అనే సన్నటి ఆవిడ ఆయన పాదం పట్టుకుని వేళ్ళతో చాలాసేపు వెతికింది.

"ఇక్కడ నాడి దొరకడం లేదయ్యా. రక్తం ఎంతవరకు దిగుతోందో స్కాన్ తీసి చూద్దాం. ఎంత దూరం నడిస్తే కాలు నొప్పొస్తుంది మీకు?"

"నాకేం నొప్పి? మీరు చెప్పిన చోటికి నడిచొస్తా," అన్నాడు మొహాపి. "దీన్ని చూడండి డాక్టరమ్మా ముందు. నడవలేనిది ఇది. దీని ఆయాసంతో రెండేళ్ళుగా వేగుతున్నా."

డాక్టరు పులెంగ్ వైపు చూసింది. పులెంగ్ ఒళ్ళో సంచి పట్టీని మెలితిప్పుతూ కూర్చుంది. ఇంకోసారి గుండె మీద చెయ్యి వేసుకుంటే సరిపోయేది. కానీ ఆ నల్లటి వేలు ఎదురుగా తెల్లటి గుడ్డ మీద ఉంది.

"నాకు ఆయాసం లేదమ్మా," అంది. "ఎప్పుడూ లేదు. ఆయన ఆగాల్సొస్తుందని ముందుగా నేనే ఆగేదాన్ని. రెండేళ్ళ నుంచి. ఇప్పుడైతే గేటు దాకా కూడా నడవలేడు."

డాక్టరు కలం కింద పెట్టింది. మొహాపి భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

మర్నాడు ఉదయం స్కాన్ గదిలో రెఫిల్వే అనే అమ్మాయి సీసపు తొడుగున్న సూదితో ఆయన చేతి నరానికి మందు ఎక్కించింది. "ఇది రేడియోధార్మిక మందు అయ్యా, భయపడే మోతాదు కాదు. రక్తంతోపాటే పోతుంది. రక్తం ఎక్కడికి పోతే అక్కడ తెర మీద వెలుగు కనిపిస్తుంది. మీరు కదలకుండా పడుకోండి చాలు."

మొహాపి కళ్ళు మూసుకుని పడుకున్నాడు. యంత్రం ఆయన కాళ్ళ మీదికి వంగింది. పులెంగ్‌ను అద్దం వెనక నిలబడనిచ్చారు.

తెర మీద చుక్కలు చుక్కలుగా వెలుగు పోగుపడింది. ముందు రెండు తొడలు. తర్వాత కుడి మోకాలు, కుడి పిక్క, పాదం, చివరికి వేళ్ళు కూడా. ఎడమ కాలు మాత్రం మోకాలి దగ్గరే ఆగిపోయింది. పులెంగ్ ఓపిగ్గా ఎదురుచూసింది. నిమిషాలు గడిచినా అక్కడ నలుపే.

"యంత్రం ఇంకా అటువైపు చూడలేదా అమ్మా?"

రెఫిల్వే తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "డాక్టరుగారు చెప్తారమ్మా," అంది మెల్లగా.

డాక్టరు మధ్యాహ్నం చెప్పింది. కాలు మోకాలి కింద తీస్తే కోసినచోటు మానేంత రక్తం లేదు. పైన తీయాలి. వరండాలో పులెంగ్ ఆమెను ఆపింది.

"రెండేళ్ళ కిందట తీసుకొచ్చుంటే?"

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా?"

"చెప్పండి."

డాక్టరు కాగితాల వంక చూసింది. "అప్పుడైతే మందులిచ్చి, పొగ మాన్పించి, అవసరమైతే రక్తనాళం తెరిచేవాళ్ళం. గట్టిగా చెప్పలేను. బహుశా కాలు దక్కేది."

వార్డులో మొహాపి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆమె అడుగుల చప్పుడు విని అలాగే అడిగాడు.

"ఊళ్ళో అందరికీ తెలుసా?"

"లేదు. నాకొక్కదానికే."

"చర్చి ముందర నిలబెట్టి నిన్ను ఎగతాళి చేశాను."

"చేస్తే చేశావులే."

"ఎందుకు చెప్పలేదే?"

"నీకు సిగ్గవుతుందని."

ఆయన ఇటు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నా కాలికంటే నా సిగ్గే ఎక్కువైందా నీకు?"

ఆయన ఆపరేషన్‌కు ఒప్పుకునే కాగితం మీద సంతకం పెట్టాడు, మళ్ళీ గోడవైపు తిరిగాడు. ఆపరేషన్ గదికి తోసుకెళ్ళేటప్పుడు కూతురి చెయ్యి పట్టుకున్నాడు. పులెంగ్ చెయ్యి మాత్రం పట్టుకోలేదు.

తీసేసిన కాలు ఇంటివాళ్ళు తీసుకెళ్తారా, ఇక్కడే కాల్చేయమంటారా అని నర్సు అడిగింది. మా అమ్మ సమాధి పక్కన పెట్టమను అని మొహాపి డినియోతో చెప్పించాడు. శుక్రవారం పొద్దున్నే పులెంగ్, డినియో, మరిది ట్సేకో కలిసి కాలు పెట్టిన పెట్టెను బొట్షాబెలో శ్మశానానికి తీసుకెళ్ళారు. పెళ్ళినాటి కంబళిలో చుట్టింది పులెంగ్. ట్సేకో గుంట తవ్వుతుంటే గట్టి నేల పలుగుకు ఒక పట్టాన లొంగలేదు. ప్రాణం ఉన్న మనిషి కాలికి ఏ పాట పాడాలో ఎవరికీ తెలియలేదు. డినియో ఒక కీర్తన అందుకుని మధ్యలో ఏడ్చేసింది. పులెంగ్ ఏడవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మట్టి తోసింది. పిక్క ఎంత బరువుండేదో, ఆయన నిద్రలో తన కాళ్ళ మీద వేసినప్పుడు ఎలా ఉండేదో ఆమెకు తెలుసు.

సాయంత్రం వార్డుకు వచ్చేసరికి గోళ్ళలో ఎర్రమట్టి అలాగే ఉంది. నాలుగు రోజులుగా ఆయన ఆమెతో మాట్లాడలేదు. ఆమె స్టూలు మీద కూర్చుంది. దుప్పటి ఒకవైపు పల్చగా, పరుపుకు ఆనుకుపోయి ఉంది. ఆమె అటు చూడకుండా ఉండలేకపోయింది.

మొహాపి గోడ మీంచి చూపు తిప్పాడు.

"అమ్మ పక్కనేనా?"

"పక్కనే. ఎడమవైపు."

"నాకు చోటుంచారా?"

"ఉంచాం."

ఆయన పైకప్పు వంక చూశాడు.

"మరి నీకో?"

పులెంగ్ మంచం అంచు మీద తల పెట్టి, ఆ వార్డులో అందరూ చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన చెయ్యి చాచి ఆమె తలగుడ్డ మీద పెట్టాడు.